లైలాక్‌కు మన బెంగళూరు చలి చాలదు

పెరటి మొక్కల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం సువాసన పూల గురించే. అందులోనూ లైలాక్ అన్న పేరు ఎక్కువసార్లు కనిపించింది. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మన ఊళ్లో ఎంతమందో ఈ ఉత్తరాలు చూస్తేనే తెలుస్తోంది. కాబట్టి గులాబీల ప్రశ్నలు వచ్చే నెలకు.

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది ముప్పై నలభై అడుగుల సైటులో ఇల్లు. వెనక కాస్త మట్టి నేల, పైన మిద్దె ఉన్నాయి. మే నెలలో అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి రాచెస్టర్ వెళ్లినప్పుడు అక్కడి హైలాండ్ పార్కులో లైలాక్ పూల పండుగ చూశాను. కొండవాలంతా ఊదా, తెలుపు గుత్తులే. ఆ వాసన ఇప్పటికీ మరవలేకపోతున్నాను. ఇక్కడ నర్సరీ అతను లైలాక్ మొక్క తెప్పిస్తాను, 1,800 రూపాయలవుతుంది అంటున్నాడు. అమ్మాయేమో డిసెంబరులో వచ్చేటప్పుడు ఒక కొమ్మ తెస్తానంటోంది. కుండీలో రోజూ ఐస్ ముక్కలు వేస్తే పూస్తుందని ఒక వీడియోలో చూపించారు. ఏది చేయమంటారు?
— జె.పి.నగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఆ 1,800 మీ దగ్గరే ఉంచుకోండమ్మా. బెంగళూరులో లైలాక్ బతకదని నేను అనను. ఆకులు వేస్తుంది, కొన్నాళ్లు పచ్చగా కూడా కనిపిస్తుంది. పూయదు, అంతే. మీకు కావలసింది పూలే కదా.

అడ్డం వస్తున్నది చలి. లైలాక్ పుట్టిల్లు ఐరోపాలోని బాల్కన్ కొండలు. వచ్చే ఏడాది పూయాల్సిన మొగ్గలను ఈ పొద ముందు వేసవిలోనే కట్టుకుంటుంది. తర్వాత ఆకు రాల్చి నిద్రపోతుంది. ఆ మొగ్గ మళ్లీ కళ్లు తెరవాలంటే దానికి వారాల తరబడి గట్టి చలి తగలాలి. తోటల వాళ్లు దీన్ని చలి గంటల్లో లెక్కేస్తారు. సుమారు 7 డిగ్రీలకు కిందికి దిగిన గంటలే ఆ ఖాతాలో పడతాయి. ఇక మన ఊరి సంగతి చూడండి. జనవరిలో మనం స్వెటర్లు, మఫ్లర్లు బయటికి తీసే రోజుల్లో రాత్రి ఉష్ణోగ్రత సగటున 15, 16 డిగ్రీలు. బెంగళూరులో నమోదైన రికార్డు చలి 1884 జనవరి 13 నాటిది. ఆ రోజు కూడా 7.8 దగ్గరే ఆగింది. అంటే లైలాక్ లెక్కలో మన ఊరు ఇంతకాలానికి ఒక్క గంట కూడా జమ చేయలేదు.

మీరు చూసిన కొండవాలును 1892లో జాన్ డన్‌బార్ అనే తోట నిపుణుడు 20 రకాలతో మొదలుపెట్టాడు. ఇప్పుడక్కడ 500కు పైగా రకాలున్నాయి. ఆయన పనితనాన్ని తక్కువ చేయను గానీ, అందులో సగం పని రాచెస్టర్ చలికాలమే చేసిపెట్టింది. నెలల తరబడి మంచు పడే ఊరది.

ఐస్ ముక్కల వీడియో నాకూ చాలామంది పంపారు. చలి తగలాల్సింది కొమ్మ మీది మొగ్గకు, వేరుకు కాదు. కుండీలో ఐస్ వేస్తే వేళ్లు జివ్వుమంటాయి, కాసేపటికి ఐస్ నీళ్లయిపోతుంది, పైనున్న మొగ్గకు కబురు కూడా అందదు.

ఈ మాట చెబితే ‘మరి ఒకప్పుడు బెంగళూరులో యాపిల్ పండించలేదా?’ అని మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా అడుగుతారు. నిజమే, పండించారు. యాపిల్‌లో తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలున్నాయి. ఇజ్రాయెల్‌లో తయారైన ‘అన్నా’ అనే రకం అలాంటిదే. దానికితోడు వెచ్చటి ప్రాంతాల్లో నీళ్లు ఆపి, ఆకులు చేత్తో దూసేసి చెట్టును బలవంతంగా నిద్రపుచ్చుతారు. లైలాక్‌లోనూ అలాంటి ప్రయత్నం జరిగింది. లాస్ ఏంజలెస్ దగ్గరున్న డెస్కాన్సో గార్డెన్స్‌లో వాల్టర్ లామర్ట్స్ అనే ఆయన ‘లావెండర్ లేడీ’ రకాన్ని తీశాడు. దక్షిణ కాలిఫోర్నియాలో అది పూస్తుంది. అయితే అక్కడి చలికాలపు రాత్రులు మనవాటి కంటే బాగా చల్లన. పైగా చలికాలానికి ముందు నీళ్లు తగ్గించి మొక్కను ఎండగడతారు. మనకు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఏమవుతుందో మీకు చెప్పాలా? ఎండగట్టాల్సిన నెలల్లోనే కుండీ నిండా వాన నీళ్లు. మీ నర్సరీ అతను ‘లావెండర్ లేడీనే తెప్పిస్తానమ్మా’ అన్నా నా జవాబు మారదు.

అమ్మాయి సూట్‌కేసులో కొమ్మ మాత్రం ససేమిరా వద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం బయటి దేశం నుంచి మొక్కను గానీ కొమ్మను గానీ తేవాలంటే ఇక్కడి దిగుమతి పర్మిట్టూ, అక్కడి ప్రభుత్వం ఇచ్చే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమూ ఉండాలి. చిన్న కొమ్మే కదా, ఎవరు చూస్తారు అనుకోకండి. కొమ్మతో పాటు ఏమొస్తుందన్నదే భయం. 2008లో కోయంబత్తూరు దగ్గర మొదటిసారి కనిపించిన బొప్పాయి పిండినల్లి అనే పురుగు బయటి దేశానిదే. బొప్పాయి తోటలను, మల్బరీ తోటలను తెల్లగా కప్పేసింది. 2010లో ప్యూర్టోరికో నుంచి దాని శత్రువైన ఒక బుల్లి కందిరీగను తెప్పించి, బెంగళూరులోని వ్యవసాయ కీటకాల పరిశోధన సంస్థ పెంచి వదిలాకే అది అదుపులోకి వచ్చింది. అలాంటిది ఇంకొకటి జె.పి.నగర్ నుంచి బయల్దేరిందని అనిపించుకోవడం మనకెందుకు?

సరే, వద్దు వద్దు అనడం తేలిక. ఏం పెట్టమంటానో వినండి. రాచెస్టర్‌లో మీ మనసు దోచిన దాన్ని మూడుగా విడదీసుకోండి: ఊదా రంగు, గుత్తి, వాసన. మూడూ ఒకే పొదలో మన ఊళ్లో దొరకడం కష్టం. రంగూ వాసనా కలిసి కావాలంటే నా ఓటు బ్రన్‌ఫెల్సియాకే. నర్సరీల్లో ‘యెస్టర్‌డే టుడే టుమారో’ అని అడగండి. పువ్వు ముదురు ఊదాలో విచ్చుకుని, మర్నాడు లేత ఊదాకు తిరిగి, ఆ తర్వాత తెల్లబడిపోతుంది. కాబట్టి పొద మీద ఒకేసారి మూడు రంగులూ కనిపిస్తాయి. పుట్టింది బ్రెజిల్‌లో. మన వాతావరణం దానికి హాయి. లాల్‌బాగ్ పక్కన సిద్ధాపుర నర్సరీల్లో వెతకండి. పూలున్న మొక్కనే ఎంచుకోండి. వాసన చూసి కొనొచ్చు.

మీ వెనక నేలలో పొద్దుటి ఎండ పడి, మధ్యాహ్నానికి నీడ వచ్చే చోటు చూడండి. ముప్పై నలభై ఇళ్లలో పక్కింటి గోడ పుణ్యమా అని అలాంటి చోటు ఒకటి తప్పకుండా ఉంటుంది. అడుగున్నర లోతు గొయ్యి తీసి, ఎర్రమట్టిలో మాగిన ఆకు ఎరువు, కాస్త వర్మికంపోస్టు కలపండి. సున్నం, ఇల్లు కట్టినప్పటి సిమెంటు పెచ్చులు ఉంటే ఏరేయండి. ఈ మొక్కకు కొంచెం పుల్లటి నేల ఇష్టం, సిమెంటు పడదు. ఒక విడత పూలు అయిపోగానే చివళ్లు తుంచితే గుబురుగా వస్తుంది. ఇంట్లో కుక్క ఉంటే మాత్రం ఈ మొక్క మాట మరచిపోండి. దాని కాయలు, గింజలు కుక్కలకు విషం.

గుత్తి కావాలంటే క్రేప్ మర్టల్ పెట్టుకోవచ్చు. లేత ఊదా రకం అడగండి. మంచి ఎండ కావాలి. వాసన ఆశించకండి.

ఇక ఒట్టి వాసనకే అయితే మీరు రాచెస్టర్ దాకా వెళ్లనక్కర్లేదు. మల్లె, జాజి, పారిజాతం అన్నీ లైలాక్ బంధువులే. శాస్త్రజ్ఞులు వీటన్నిటినీ ఆలివ్ కుటుంబంలో చేర్చారు. లైలాక్ పువ్వునూ పారిజాతాన్నీ పక్కపక్కన పెడితే ఆ సన్నటి గొట్టం, దాని మీద పరచుకున్న రేకులు చూసి మీరే పోల్చుకుంటారు. మల్లెపూల వాసనకు అలవాటుపడ్డ ముక్కుకు లైలాక్ నచ్చిందంటే వింతేం లేదు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయికి శ్రీనగర్‌లో ఉద్యోగం. క్వార్టర్స్ ముందు పాత లైలాక్ పొద ఒకటి ఉంది. వాడు వెళ్లిన ఏడాది విరగబూసిందట. తర్వాత ప్రతి ఫిబ్రవరిలో దాన్ని గుండ్రంగా, నీటుగా కత్తిరిస్తున్నాడు. యూరియా కూడా వేస్తున్నాడు. ఆకులు బ్రహ్మాండంగా ఉన్నాయి, పూలు మాత్రం రావడం లేదు. అక్కడ చలికి కొదవ లేదు కదా?
— మల్లేశ్వరం నుంచి ఒక తండ్రి

జవాబు: చలి సమృద్ధిగా ఉందండీ. మీ అబ్బాయి చేతిలో కత్తెర కూడా ఉంది, చిక్కంతా అక్కడే. పై జవాబులో చెప్పాను చూడండి, లైలాక్ మొగ్గలు ముందటి వేసవిలోనే కొమ్మల చివర తయారైపోతాయి. ఫిబ్రవరిలో చివళ్లు కత్తిరించడమంటే ఏప్రిల్ పూలను కోసి పారేయడమే. పొదలను బంతుల్లా గుండ్రంగా చేయడం బెంగళూరు అపార్ట్‌మెంట్ మాలీల దగ్గర నేర్చుకున్నాడేమో.

ఈ చలికాలం కత్తెరను దాచేయమనండి. వసంతంలో పూసి, పూలు వాడిపోయిన రెండు మూడు వారాల్లోపే ఏ కత్తిరింపైనా. వాడిన గుత్తిని దాని కిందున్న చిగుళ్ల జతకు పైన కోయాలి. ఆ చిగుళ్లే వచ్చే ఏటి పూకొమ్మలు, వాటిని ముట్టుకోకూడదు. పాత పొద కాబట్టి నడుమ లావుపాటి ముసలి కాండాలు ఉంటాయి. వాటిలో మూడో వంతును ఒక ఏడాది, ఇంకో మూడో వంతును మరుసటి ఏడాది నేలమట్టానికి కోసుకుంటూ మూడేళ్లలో పొదను కొత్తగా మార్చవచ్చు. అన్నీ ఒకేసారి కొట్టేస్తే చచ్చిపోదు గానీ మళ్లీ పూలకు ఏళ్లు పడుతుంది.

పొద మొదలు దగ్గర లేచే పిలకలు చూడమనండి. అంటు మొక్క అయితే అంటు కిందనుంచి వచ్చేవి వేరే జాతివి కావచ్చు. వాటి ఆకు పొద ఆకులా లేకపోతే మట్టి తవ్వి, వేరు దగ్గర పట్టుకుని పీకేయాలి. పైపైన కోస్తే రెట్టింపు లేస్తాయి.

యూరియా పూర్తిగా ఆపాలి. నత్రజని ఎక్కువైతే ఆకులే తప్ప పూలుండవు. కోడి ఎరువు కూడా వద్దు. పొద మొదట్లో ఏడాదికోసారి మాగిన పశువుల ఎరువు ఒక పొర పరిస్తే చాలు. లైలాక్‌కు పులుపు లేని నేల, ఒక మాదిరి సున్నం ఉన్న నేల నచ్చుతుంది. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. చుట్టుపక్కల చెట్లు పెరిగి నీడ కమ్మేసిందేమో కూడా చూడమనండి. వేసవి చివర ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది బూడిద తెగులు. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది గానీ పొదకు ప్రాణాపాయం లేదు. నడుమ కాండాలు తీసేసి గాలి ఆడేలా చేస్తే తగ్గుతుంది.

ప్రశ్న: మేడమ్, ఊదా రంగు పూలు పూస్తాయని చెబితే ‘లైలాక్’ మొక్క కొన్నాం. ఇప్పుడు నా ఎత్తు పెరిగింది. ఆకులు వేపాకులా విడివిడిగా ఉన్నాయి. చిన్న చిన్న లేత ఊదా పూలు, మంచి వాసన. ఇప్పుడు పచ్చటి కాయలు కూడా వచ్చాయి. పూలు ఫొటోల్లోని లైలాక్‌లా లేవు. బాల్కనీలో ఇంకా పెద్ద కుండీలోకి మార్చమంటారా?
— వైట్‌ఫీల్డ్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ దగ్గరున్నది తురకవేప. దీన్ని పర్షియన్ లైలాక్ అని కూడా పిలుస్తారు కాబట్టి మీకు అమ్మినతను పూర్తిగా అబద్ధమాడలేదు, సగమే ఆడాడు. ఇది పొద కాదు, చెట్టు. ఇంకెంత పెద్ద కుండీ కొంటారు? ఎక్కడైనా ఖాళీ స్థలం ఉన్న బంధువులకు ఇచ్చేయండి. కాయలు పండితే పసుపు రంగులో ముచ్చటగా ఉంటాయి, కానీ విషం. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇప్పుడే తెంపి పారేయండి.

మిగతావాళ్లకు ఒక గుర్తు: అసలు లైలాక్ ఆకు రావి ఆకును పొట్టి చేసినట్టు హృదయాకారంలో, అంచులు నున్నగా ఉంటుంది. కొమ్మ మీద ఎదురెదురుగా జతలుగా వస్తుంది. ముళ్లుండవు. కొమ్మలకు ముళ్లు, నారింజ రంగు కాయల దండలు కనిపిస్తే అది దురంతా. దాని కాయలూ తినేవి కావు.

ప్రశ్న: వదినగారూ, గేటు పక్కన నాగగొలుగు పెడదామంటే మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఆ వాసనకు పాములొస్తాయట. నైట్ క్వీన్ కూడా వద్దన్నారు. నిజమేనా?
— చెన్నై, అంబత్తూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పాముకు పూల వాసనతో పనేం లేదమ్మా. అది నాలుక చాపి వెతికేది ఎలుకను, కప్పను. కానీ అత్తగారిని ఎదిరించే ముందు ఒకటి ఆలోచించండి: నేలదాకా గుబురుగా అల్లుకున్న పొద ఏదైనా ఎలుకలకూ కప్పలకూ మంచి దాపు. పాత ఇళ్లలో సువాసన పొదల దగ్గర పాము కనిపించిందంటే అందుకే. కాబట్టి నాగగొలుగు పెట్టి, కింది కొమ్మలు అడుగు ఎత్తు వరకు తీసేసి, మొదలు కనిపించేలా ఉంచండి. అత్తగారికీ ఊరట. నైట్ క్వీన్ విషయంలో మాత్రం నేను అత్తగారి పక్షమే. ఆ ఘాటుకు పడకగది కిటికీ పక్కన నాకు తలనొప్పి వస్తుంది.

ఒక జాగ్రత్త. నాగగొలుగు కరివేపాకుకూ నిమ్మకూ చుట్టం. నిమ్మ, బత్తాయి చెట్లకు గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే పురుగు దీని లేత చిగుళ్ల మీద బాగా పెరుగుతుంది. పెరట్లో నిమ్మచెట్టు ఉంటే ఈ రెంటినీ దగ్గర దగ్గరగా పెట్టకండి.

ప్రశ్న: డిఫ్యూజర్‌లో వేయడానికి ‘స్వచ్ఛమైన లైలాక్ పూల నూనె’ చిన్న సీసా 650 రూపాయలకు అమ్ముతున్నారు. కొనవచ్చా?
— కోరమంగల నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వాసన నచ్చితే కొనండి, ‘స్వచ్ఛమైన పూల నూనె’ అన్న మాటకు మాత్రం డబ్బు ఇవ్వకండి. మల్లె నుంచి తీసినట్టు లైలాక్ నుంచి పరిమళాన్ని తీయడం వ్యాపారానికి గిట్టుబాటయ్యే పని కాదు. సబ్బుల్లో, స్ప్రేల్లో మనకు లైలాక్ అని తగిలేది ఎక్కువగా టెర్పినియాల్ అనే పదార్థంతో కలిపి చేసిన వాసన.

ప్రశ్న: మీరు గతంలో చెబితే బ్రన్‌ఫెల్సియా పెట్టాను. నిరుడు బాగా పూసింది. ఈ ఏడాది కొత్త ఆకులు పసుపు రంగుకు తిరిగాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. మొగ్గలు తగ్గాయి. మాకు కావేరీ నీళ్లు రావు, బోరు నీళ్లే పోస్తున్నాం. టెన్షన్‌గా ఉంది, మొక్క పోతుందా?
— విద్యారణ్యపుర నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పోదు. టెన్షన్ పడకండి. కొత్త ఆకు పసుపు, ఈనె పచ్చన అంటే ఇనుము అందడం లేదని. మట్టిలో ఇనుము లేక కాదు. మన బోరు నీళ్లలో ఉన్న ఉప్పులూ సున్నమూ పోగుపడి మట్టి పులుపు తగ్గిపోతే, ఉన్న ఇనుమును కూడా వేరు తీసుకోలేదు. మీ బకెట్ అడుగున, గీజరులో తెల్లగా పేరుకునేది ఇక్కడ మట్టిలో కూడా పేరుకుంటోంది.

ముందు మొక్కకు మందు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, సాయంత్రం ఎండ తగ్గాక ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారం పదిరోజుల తేడాతో ఇంకో రెండుసార్లు. కలిపిన నీళ్లను ఆ పూటే వాడేయాలి. నిలవ ఉంచితే తుప్పు రంగుకు మారి పనికిరాకుండా పోతాయి. టైల్స్ మీద, ఆరేసిన తెల్ల బట్టల మీద పడకుండా చూసుకోండి, ఆ మరక వదలదు. పాత ఆకులు మళ్లీ పచ్చబడతాయని చూస్తూ కూర్చోకండి, కొత్త చిగురు రంగు చూడండి.

తర్వాత మట్టి సంగతి. కుండీలో ఉంటే పై మూడు అంగుళాల మట్టి తీసేసి, మాగిన ఆకు ఎరువుతో నింపండి. వాన పడ్డ రోజు మిద్దె గొట్టం కింద డ్రమ్ము పెట్టి ఆ నీళ్లు పట్టుకోండి, మొదటి పావుగంట నీళ్లు దుమ్ముతో వస్తాయి కాబట్టి వదిలేయండి. వాన నీళ్లు దొరికినన్నాళ్లు ఈ ఒక్క మొక్కకైనా అవే పోయండి. బోరు నీళ్లు తప్పని నెలల్లో చుక్క చుక్కగా కాకుండా కుండీ అడుగు నుంచి బయటికి కారేదాకా ఒక్కసారిగా పోస్తే, పోగైన ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. కాఫీ పిప్పి, నిమ్మతొక్కలు మట్టిలో వేయమని ఎవరైనా చెబితే వినకండి, పచ్చివి వేస్తే బూజు పడుతుంది. కంపోస్టు డబ్బాలో వేసి, మాగాక వాడుకోండి.